ఎర్రదిబ్బలో అలకగది

ఎర్రదిబ్బలో ఇల్లు కట్టించుకోవడమంటే పునాది తవ్వి గోడలు లేపడం కాదు, కొండని తొలిపించుకోవడం. బిల్డరు తన తొలుపుడు యంత్రంతో పందికొక్కులా రాతిలోకి దూరి, ముందు హాలు, తర్వాత వంటిల్లు, ఆ పక్కన పడకగది తొలిచి, గాలి బయటికి పోకుండా గోడలకి జిగురు పూసి, జారుడు తలుపు బిగించి తాళం చేతిలో పెడతాడు. అంగారకుడి మీద ఆరుబయట ఇల్లు కట్టుకున్న వీరులు మొదట్లో ఒకరిద్దరు లేకపోలేదు. అందులో ఒకాయన ఇంటిని దుమ్ముతుఫాను పదకొండు నెలలు కప్పేస్తే, పైన నడిచేవాళ్ళకి అరికాళ్ళ కింద ఎవరో గురక పెడుతున్నట్టు తోచి, తవ్వి, ఆయన్ని నిద్రలేపి బయటికి తీశారట. నమ్మితే నమ్మండి, లేకపోతే మీ ఇష్టం. అప్పట్నుంచీ అందరూ కొండలోనే కాపురం.

మొదటి రాకెట్‌లో ఒక జ్యోతిష్కుడు కూడా దిగాడు. పాపం ఆయన బతుకే అన్యాయమైపోయింది. ఊరు ఊరంతా కుజుడి నెత్తి మీదే కూర్చున్నాక ఇక కుజదోషం ఉందని ఎవరికి చెబుతాడు? ఆయన చివరికి నాచు మడుల్లో కూలికి చేరాడు.

ఆ నాచు మడులు పేరిందేవి చేతికింద ఉండేవి. పన్నెండు మడుల్లో పచ్చగా పేరుకునే నాచు, ఊరి జనం వదిలిన గాలిని తను మింగి, మళ్ళీ పీల్చుకోదగ్గ గాలిగా తిరిగి ఇస్తుంది. అంటే ఎర్రదిబ్బలో ఎవరు ఊపిరి పీల్చినా అది పేరిందేవి వండి వడ్డించిందే. యాభై ఎనిమిదేళ్ళ మనిషి. నోరు పెద్దది, మనసు అంతకన్నా పెద్దది అని ఊళ్ళో చెప్పుకునేవారు. ఎక్కువగా చెప్పింది ఆవిడే అనుకోండి. ఆవిడ భర్త కోటిలింగం సొరంగాల మధ్య గాలి జారిపోకుండా ఆపే గాలితలుపుల మరమ్మతు చూసేవాడు. ఆయన గురించి చెప్పడానికి పెద్దగా ఏమీ లేదు, ఆయనా చెప్పేవాడు కాదు. ఏమడిగినా "నీ ఇష్టం" అనేవాడు. అంతటితో సరి.

ఇద్దరూ ఇరవై రెండేళ్ళు ఉమ్మడిగూట్లో ఉన్నారు. ఉమ్మడిగూడంటే పొడుగాటి సొరంగం. అందులో నలభై కాపురాలు, కాపురానికీ కాపురానికీ మధ్య ఒక గుడ్డ తెర. ఇరవై రెండేళ్ళకి వీళ్ళ వంతు వచ్చింది. వచ్చే లక్ష్మివారం బిల్డరు గవర్రాజు ఆఫీసుకొచ్చి ఎలాంటి ఇల్లు కావాలో మాట్లాడుకోండని కబురు.

పేరిందేవి వారంరోజులు ముందునుంచే తయారైంది. దారం ముక్క పట్టుకుని తన చెయ్యి ఎంత ఎత్తు అందుతుందో కొలుచుకుంది, అరలు ఆ ఎత్తుకి మించకూడదని. పొయ్యి ఏ మూల ఉండాలి, పొగ ఎటు లాగాలి అన్నీ రాసుకుంది. పోయినేడు ఆవిడ వేసిన మిరపకాయ పోపు మూడు గాలితలుపులు దాటి పక్క సొరంగంలో ఉన్న సైంటిస్టుల్ని తుమ్మించిందని కథ ఉంది మరి. అన్నీ రాశాక కాయితం పైన, అన్నిటికంటే ముందు, పెద్ద అక్షరాలతో ఒక మాట రాసి కింద గీత గీసింది: అలకగది.

కోటిలింగం తల ఊపాడు. నీ ఇష్టం అన్నాడు. అక్కడ మీరేం మాట్లాడకండి, మాట్లాడేది నేను, అని పేరిందేవి చెప్పింది. దానికీ తల ఊపాడు.

ఇంతకీ అలగడానికి ఒక గదెందుకంటే, ఆ ఊళ్ళో అలిగే యోగం లేదు. తెర వెనక మొహం తిప్పుకుని పడుకుంటే అరగంటలో పదకొండు మంది ఆడవాళ్ళు వచ్చి ఏమైందని అడుగుతారు. తలుపు ధడాలున వేసుకుందామంటే అన్నీ జారుడు తలుపులు. ఎంత విసురుగా తోసినా పిల్లిలా చప్పుడు లేకుండా మూసుకుంటాయి. పోనీ పళ్ళెం విసిరికొడదామా అంటే, ఆ నేలకి లాగే బలం తక్కువ. అది నింపాదిగా, చుట్టపుచూపుగా కిందికి దిగుతుంది. అది నేలకి చేరేలోపు కోపం చల్లారిపోతుంది, మనిషి మాత్రం వెర్రిమొహంతో మిగిలిపోతుంది. పేరిందేవి లెక్కలో అలక వేరు, కోపం వేరు. కోపానికి ఎదుట ఒక మనిషుంటే చాలు. అలకకైతే లోపల గడియపెట్టుకునే తలుపొకటి కావాలి, ఆ తలుపవతల బతిమాలే మనిషొకడు కావాలి. ఇరవై రెండేళ్ళుగా కడుపులో దాచుకున్న అలకలన్నీ ఆ గది కోసం వరసకట్టి ఉన్నాయి.

అయితే ఎర్రదిబ్బలో బిల్డరు మన మాట వినడు. ముందుకాపురం చెప్పిన మాట వింటాడు.

ముందుకాపురమంటే డాక్టర్ సౌగంధి కనిపెట్టిన యంత్రం. పుస్తకాల్లో దాని పేరు డొమెస్టిక్ సిమ్యులేటర్. ఊళ్ళో దిగిన ప్రతి మనిషి మణికట్టుకీ ఒక పట్టీ ఉంటుంది. ఎన్ని అడుగులు వేశాడు, గుండె ఎప్పుడు దడదడలాడింది, ఏ మాటకి ఎటు తిరిగాడు అన్నీ అది రాసుకుంటుంది. దాన్ని సైంటిస్టులు బిహేవియర్ డేటా అంటారు, ఊళ్ళోవాళ్ళు నడత అంటారు. ఏళ్ళ తరబడి పోగుపడిన ఆ నడతలోంచి యంత్రం మనలాంటి మనుషుల్నే అచ్చుదించుతుంది. వాళ్ళు నీడమనుషులు. మనకి కావలసిన ఇంటి ప్లాను యంత్రంలో పెడితే, నీడమనుషులు ఆ ఇంట్లో ముప్పై ఏళ్ళ కాపురం తొమ్మిది గంటల్లో చేసేస్తారు. ఏ గదిలో ఏ పని మీద ఎన్ని గంటలున్నారో లెక్క బయటికొస్తుంది. ఏడాదికి నలభై గంటలైనా వాడని గదిని గవర్రాజు తొలవడానికి వీల్లేదు. ప్రతి గదికీ గాలి నింపాలి కాబట్టి అది చట్టం.

నిజానికి ఆ యంత్రం చాలామంది బడాయి బయటపెట్టింది. వ్యాయామానికి గది కావాలన్నాయన నీడమనిషి అందులో మూడు రోజులు గెంతి, నాలుగోనాడు ఊరగాయ జాడీలు సర్దాడు. చదువుకోడానికి గది అడిగినావిడ దాంట్లో బట్టలారేసింది. ఒక మర్యాద మాత్రం యంత్రానికి ఉండేది. లోపలి కాపురం ఎవరికీ చూపించదు. మొగుడూ పెళ్ళాల ముప్పై ఏళ్ళని బయటివాళ్ళు తొంగిచూడటం తగదని సౌగంధి దానికి ఒక పరదా పెట్టింది. గంటల లెక్క తప్ప ఏదీ బయటికి రాదు. ఇద్దరూ ఒప్పుకుని వేలిముద్రలు వేస్తేనే పరదా లేస్తుంది.

లక్ష్మివారం పొద్దున్నే ఆఫీసులో పేరిందేవి కాయితం చదివింది. గవర్రాజు, లావుపాటి మనిషి, గోళ్ళనిండా ఎర్రదుమ్ము, కుర్చీలో సర్దుకుని అలకగది అనగానే నవ్వు ఆపుకోలేక దగ్గాడు. యంత్రం పక్కన కూర్చున్న సౌగంధి నవ్వలేదు. ఆవిడ మంచిది, మెత్తగా మాట్లాడుతుంది, అన్నిటికీ పట్టిక ఉంటుంది. తన పట్టికలో వండటం, పడుకోవడం, చదవడం, పూజ, పిల్లల ఆట అని పంతొమ్మిది పనులున్నాయిగానీ అలగడమనే పని లేదని చెప్పింది. అంతగా అవసరమైతే ఆసుపత్రిలో మూడ్ రెగ్యులేషన్ బూత్ ఉంది, పది నిమిషాలు కూర్చుంటే మంచి వాసన వదులుతారు, మనసు కుదుటపడుతుంది అంది.

"ఆసుపత్రికెళ్ళి అలగాలా డాక్టరమ్మా? టోకెన్ తీసుకుని?"

"మీ అవసరం నిజమైతే యంత్రమే చెబుతుంది పేరిందేవి గారూ. ఆ గది లేకుండా ప్లాను పెడదాం. లోటుంటే రిపోర్టులో తేలిపోతుంది."

"చెప్పదమ్మా. అలిగినవాళ్ళు నోరు విప్పి చెబుతారా ఎక్కడైనా?"

అయినా సౌగంధి గది కొట్టేసింది. పేరిందేవి ఊరుకునే రకం కాదు. గది లేని ఇల్లు నాకొద్దు, మళ్ళీ తెర వెనక్కే పోతాను, ఈ ఊరికి గాలి చేసేదాన్ని నేనైతే నాకే గాలి లెక్క చెబుతారా అని బల్ల మీద చరిచింది. ఆ చరుపూ మెత్తగానే వినిపించింది, పాడు ఊరు. కోటిలింగం కిటికీ దగ్గర నిలబడి తన చెప్పుల్ని చూసుకుంటున్నాడు. యంత్రం మొదలైంది.

రెండు గంటలు బాగానే నడిచింది. ఇంట్లో ఏడేళ్ళు గడిచాయి. అక్కడ గడియారం ఆగిపోయింది.

"నివాసి స్పందించడం లేదు. వేచి ఉన్నాను," అంది యంత్రం.

ఆ యంత్రంలో కాలం నడవాలంటే నీడమనుషులు ఇద్దరూ తమ తర్వాతి అడుగేమిటో చెప్పాలి. ఒకరు చెప్పకపోతే రెండోవాళ్ళూ ఎక్కడివాళ్ళక్కడే బిగుసుకుపోతారు. ఒక కాపురం పూర్తికాకుండా ఇంకొకటి ఎక్కించే వీలు కూడా సౌగంధి పెట్టలేదు. మధ్యలో ఎవరైనా మొరాయిస్తారని ఆవిడ అనుకోలేదు మరి. వెనక ముప్పై కాపురాలు వరసలో ఉన్నాయి.

పేరిందేవికి ఒక్క క్షణం కూడా అనుమానం రాలేదు. కుర్చీలో వెనక్కి వాలి, చీర సర్దుకుని, "నేనే. అలిగాను," అని ప్రకటించింది. ఆ ముక్క సొరంగాలన్నీ తిరిగొచ్చింది. పేరిందేవి నీడ అలిగిందట, యంత్రం చేతులెత్తేసిందట.

సౌగంధి రకరకాలుగా ప్రయత్నించింది. నీడ గుండె వేగం తగ్గించే సంకేతం పంపింది. ఏడో ఏడు దాటించి ఎనిమిదిలోకి గెంతించాలని చూసింది. గడియారం కదల్లేదు. ఆఖరికి బతిమాలడం తప్ప దారి లేదని తేలింది. నీడింటి గుమ్మానికి ఒక మైకు ఉంది. బయటివాళ్ళు అందులో మాట్లాడితే లోపల చుట్టాలెవరో తలుపు దగ్గర మాట్లాడినట్టు వినిపిస్తుంది. వరసలో ఉన్న ముప్పై కాపురాల వాళ్ళూ ఒకరి తర్వాత ఒకరు వచ్చి ఆ మైకు దగ్గర నిలబడ్డారు. లేవమ్మా పేరిందేవమ్మా అన్నారు. నువ్వు లేకపోతే మాకు ఊపిరెక్కడిదన్నారు. ఒకావిడ పిండివంటలు వరసగా చెప్పి ఆశపెట్టింది. పాత జ్యోతిష్కుడొచ్చి రేపట్నుంచి నీకు దశ మారుతుందన్నాడు. అసలు పేరిందేవి మైకు పక్కనే కుర్చీ వేసుకుని, ఆ బతిమాలింపుల్లో సగం తనే పుచ్చుకుంటూ మూడు రోజులు మహారాణిలా కూర్చుంది. జన్మలో అంత సుఖపడలేదు.

నాలుగో రోజు మధ్యాహ్నం భోజనం వేళకి ఆవిడ మొహంలో ఏదో మారింది. అన్నం ముద్ద చేతిలో అలాగే ఉండిపోయింది.

"డాక్టరమ్మా," అంది, "ఇది నేను కాదేమో."

సౌగంధికి అర్థం కాలేదు. పేరిందేవి తన సంగతి తనే విప్పి చెప్పింది. తన అలక ఎప్పుడూ రెండో పూట దాటి ఉండలేదు. ఆకలికి ఆగలేదు. అలిగినప్పుడు గిన్నెలు మోగుతాయి, గొణుగుడు వినిపిస్తుంది, ఒక కన్ను తలుపు మీదే ఉంటుంది. ఇంతమంది ఇన్ని చెబితే తను ఎప్పుడో లేచి వచ్చి ఎదురు తిట్టేది. మూడు రోజులు చప్పుడు లేకుండా కూర్చోవడం తన వల్ల అయ్యే పని కాదు. పరదా తియ్యండి అంది. తన బొటనవేలు పలక మీద పెట్టింది.

రెండో వేలు కోటిలింగానిది. ఆయన చెయ్యి జేబులోంచి రాలేదు.

"ఎందుకులే," అన్నాడు.

ముప్పై ఆరేళ్ళ కాపురంలో పేరిందేవి ఆయన నోట వద్దనే అర్థమొచ్చే మాట వినడం అదే మొదలు. పలక మీంచి తన వేలు తియ్యకుండా ఆయన వంకే చూసింది. ఆఖరికి ఆయన వేలు బయటికి తీసి పలక మీద పెట్టాడు.

పరదా లేచింది. తెర మీద నీడిల్లు. వంటింట్లో నీడ పేరిందేవి గరిటె గాల్లోకెత్తి, నోరు తెరిచి, చెబుతున్న మాట మధ్యలో ఆగిపోయి ఉంది. ఆవిడ మొహంలో అలక లేదు సరికదా, మహా సంతోషంగా ఉంది. గుమ్మం పక్కన, బయటి సూట్లు తగిలించే కొక్కేలకీ నీళ్ళ ట్యాంకుకీ మధ్య ఒక సందు. మనిషి ఒదిగి కూర్చుంటే తప్ప పట్టనంత సందు. అందులో పనిముట్ల పెట్టె మీద, గోడకేసి మొహం పెట్టుకుని, నీడ కోటిలింగం కూర్చుని ఉన్నాడు.

సౌగంధి యంత్రాన్ని అడిగింది, ఆగిపోయేముందు ఏం జరిగిందని.

"బిల్డరు మనిషి మరమ్మతుకి వచ్చాడు. ఇంట్లో ఏమైనా మార్పు కావాలా అని కోటిలింగాన్ని అడిగాడు. 'ఆయనకేం అక్కర్లేదు' అని పేరిందేవి జవాబిచ్చింది. కోటిలింగం లేచి వెళ్ళాడు."

"అలగడానికి కారణం అదేనా?"

"కారణం నివాసి చెప్పలేదు. నివాసిని ఎవరూ అడగలేదు."

మూడు రోజులుగా ఊరంతా మైకు దగ్గర నిలబడి పేరిందేవీ పేరిందేవీ అని ప్రాధేయపడుతుంటే, గోడవైపు తిరిగి ఆ మనిషి అదంతా వింటూ కూర్చున్నాడన్నమాట. ఆయన పేరు ఒక్కరూ ఎత్తలేదు. ఎత్తాలని తోచలేదు.

పేరిందేవి కోటిలింగం ముందుకొచ్చి నిలబడింది. ఎప్పుడూ లేనిది, మాటలు వెతుక్కుంది.

"ఏమండీ. మీకేం కావాలి?"

మైకు తెరిచే ఉంది. ఆ మాట నీడింటి గుమ్మంలోనూ వినిపించినట్టుంది. తెర మీద నీడ కోటిలింగం గోడ మీంచి మొహం ఇటు తిప్పాడు. గడియారం టిక్కున కదిలింది. నీడ పేరిందేవి ఆగిన మాట పూర్తి చేసి గరిటె దింపింది.

సౌగంధి అమ్మయ్య అనుకుంది. ఇక ఆవిడకి దారి స్పష్టంగా కనిపించింది. లోటు గదిది కాదు, ఒక్క ప్రశ్నది. ఆ ప్రశ్న అడగ్గానే కాపురం నడిచింది, గది అవసరం లేకుండానే. రిపోర్టులో అలా రాస్తానంది. యంత్రం మాట మళ్ళీ నెగ్గింది అనుకుందో ఏమో, కొంచెం నవ్వింది కూడా.

పేరిందేవి ఆ నవ్వు చూసింది.

"ఇవాళ అడిగాను. మీ యంత్రం ముక్కు పిండి అడిగించింది కాబట్టి అడిగాను. రేపు మర్చిపోతాను. నా సంగతి నాకు తెలియదా? నోరు తెరిస్తే ఈయన మాట కూడా నేనే చెప్పేస్తాను. మర్చిపోయిన ప్రతిసారీ ఈ మనిషి ట్యాంకు సందులో దూరాలా?"

చట్టం ఒప్పుకోదు అంది సౌగంధి, ఇంకా మెత్తగానే. ఏడాదికి నలభై గంటలు వాడతారని యంత్రం చూపించాలి.

"చూపించింది కదమ్మా. లక్ష్మివారం నుంచీ ఇవాళ్టి దాకా డెబ్బై రెండు గంటలు. ఒక్కసారి అలిగితే డెబ్బై రెండు. మీరే రాసుకోండి మీ పట్టికలో, ఇరవయ్యో పని. రాయనన్నారనుకోండి, నేనూ నా పన్నెండు మడులూ ఇవాళ్టినుంచి అలుగుతాం. వచ్చి బతిమాలుకోండి, మైకు అక్కర్లేదు."

అది బెదిరింపో వేళాకోళమో సౌగంధికి తేలలేదు. ఆవిడ ఎందుకైనా మంచిదని ఒకసారి గట్టిగా ఊపిరి పీల్చుకుంది. పీల్చుకుంటూనే, ఆ ఊపిరి ఎవరిదో గుర్తొచ్చినట్టుంది, పట్టిక తెరిచి పంతొమ్మిది కింద ఇరవై అంకె వేసింది.

గవర్రాజు తొమ్మిదేళ్ళుగా రిపోర్టు ఎలా వస్తే అలా తొలిచాడు తప్ప ఒక్క ఇంటివాణ్ణీ ఏం కావాలని అడిగిన పాపాన పోలేదు. ఇప్పుడు టేపు చేతిలోకి తీసుకున్నాడు. అలవాటు కొద్దీ పేరిందేవి వైపు తిరిగి, అమ్మగారూ ఎన్నడుగులు తొలవమంటారు అన్నాడు.

"నన్నెందుకు అడుగుతావు? ఆయన్ని అడుగు."

కోటిలింగం నోరు తెరిచాడు. నీ ఇష్టం అనే మాట సగం వచ్చి పెదవుల దగ్గర ఆగింది. దాన్ని మింగాడు. ఆ తర్వాత ఆయన మాట్లాడటం మొదలెడితే గవర్రాజు కాయితం అటూ ఇటూ నిండిపోయింది. అడ్డం ఐదడుగులు, పొడవు ఏడు. గోడ పక్కన రాతిలోనే మలిచిన దిమ్మె, వీపు ఆనేటట్టు. తలుపు జారుడుది వద్దు, బందులున్నది, విసిరితే ఊరంతా వినిపించేది. ఇరవై రెండేళ్ళు గాలితలుపులు బాగుచేసిన చేతులవి, బందులు తనే బిగిస్తానన్నాడు. గడియ లోపలివైపే. కిటికీ వద్దు. తలుపు కింద రెండు వేళ్ళ సందు మాత్రం ఉండాలి, ఎందుకంటే అవతల ఎవరైనా ఉన్నారో లేదో నీడ కనపడాలి.

పేరిందేవి మధ్యలో మూడుసార్లు దిద్దబోయి మూడుసార్లూ పెదవి కొరుక్కుంది. ఎవరి అలకల కోసం ఆ గది అడగడానికి వచ్చిందో ఆవిడకే గుర్తుందో లేదో తెలియదు. ఆయన చెప్పడం అయ్యాక మాత్రం వేలెత్తింది.

"తలుపు బయట కూడా ఒక దిమ్మె వెయ్యి గవర్రాజూ. వెడల్పుగా, మెత్త పట్టేటట్టు."

"బయటెందుకమ్మగారూ?"

"బతిమాలాల్సింది నేనే కదా. ఈయన అలక డెబ్బై రెండు గంటలని నీ కళ్ళతో నువ్వే చూశావు. అంతసేపు నేను నిలబడి బతిమాలను. కూర్చునే బతిమాలతాను. రాసుకో."